‘హైదరాబాద్’ అని రాసున్నంత మాత్రాన...

మెహదీపట్నం, మాసబ్‌ట్యాంక్ మీదుగా ఆఫీసు క్యాబ్‌లో తిరిగినవాళ్ళందరికీ ‘ఫస్ట్ లాన్సర్’ అనే పేరు తెలిసే ఉంటుంది. ఆ దగ్గర్లోనే ఏసీ గార్డ్స్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏసీ అంటే ఎయిర్ కండిషనరే అనుకున్నా. కాదట, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం దగ్గరుండే సిద్దీల అశ్వదళం నిజాం కొలువులోకి వచ్చింది. వాళ్ళు కాపురమున్న చోటుకి ఆ పేరు మిగిలిపోయింది. బార్కస్ అంటే బ్యారక్స్. గన్‌ఫౌండ్రీ అంటే నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు. అంటే రద్దయిపోయిన ఒక సైన్యం తాలూకు పేర్లని మనం రోజూ అడ్రసులుగా వాడుకుంటున్నామన్నమాట.

ఆ సైన్యం వస్తువులు ఏమైపోయాయి? చాలా కాలం నాకు ఈ ప్రశ్నే రాలేదు. వచ్చింది మాత్రం విచిత్రంగా, రష్యా మీదుగా వచ్చింది.

మా తరంలో చాలామందిలాగే నేనూ విశాలాంధ్ర పుస్తకాల బండి దగ్గర రెండు మూడు రూపాయలకి సోవియట్ పుస్తకాలు కొనుక్కుని పెరిగినవాణ్ణి. ఆ బొమ్మల్లో సైనికుల భుజాల మీద ఎర్రటి పట్టీలు, వాటిమీద నక్షత్రాలు ఉండేవి. మన పురాణాల్లో, నాటకాల్లో భుజకీర్తులంటామే, అలాంటివే అనుకోండి. ఉద్యోగమొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక ఆ పిచ్చి బయటపడింది. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లో పాత తాళాలు, గడియారాలు, గ్రామఫోన్ గొట్టాల మధ్య ఒక జత సోవియట్ భుజపట్టీలు కనిపించాయి. ఎర్ర బట్ట, పసుపుపచ్చ అక్షరాలు. అమ్మేవాడు ‘రెండో ప్రపంచ యుద్ధం మాల్ సాబ్, స్టాలిన్‌గ్రాడ్’ అన్నాడు. బేరం కూడా సరిగ్గా ఆడకుండా కొనేశా.

ఇంటికొచ్చి చదువుకుంటే తెలిసింది నా తెలివి. ఆ పట్టీల మీదున్న రెండు రష్యన్ అక్షరాలు ‘సోవియట్ సైన్యం’ అనే మాటకి పొడి అక్షరాలు. యుద్ధం జరిగిన రోజుల్లో దాని పేరు ఎర్రసైన్యం. ‘సోవియట్ సైన్యం’ అన్న పేరు 1946లో వచ్చింది. మామూలు సిపాయిల భుజాల మీద ఆ అక్షరాలు కనపడేది 1970ల నుంచి. ఇంకో తమాషా, విప్లవం రాగానే 1917 చివర్లో బోల్షెవిక్కులు అసలు భుజకీర్తులనే రద్దు చేశారు. అవి జారు దొరల గుర్తులని వాళ్ళ కోపం. మళ్ళీ 1943 జనవరిలో స్టాలినే వాటిని వెనక్కి తెచ్చాడు. కాబట్టి 1941 నాటి పోరాటంలో తొడిగినవని ఎవరైనా భుజపట్టీలు చూపిస్తే, చూడకుండానే వద్దనొచ్చు.

నా పట్టీలు నకిలీవి కావు. సోవియట్ యూనియన్ 1991లో కుప్పకూలాక గోదాముల్లోంచి లారీల కొద్దీ బయటికొచ్చిన అసలు సరుకే. కాకపోతే వాటి కథ నకిలీది. ఈ తేడా మనవాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది: ఫైలు కరెక్టే, దాని మీద తారీఖు తప్పు.

*

దెబ్బ తిన్నాక పాఠాలు నేర్చుకున్నా. నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదటిది, ఇత్తడి బ్యాడ్జీని వెనక్కి తిప్పి చూడటం. లండన్, బర్మింగ్‌హామ్ కంపెనీలు (ఫిర్మిన్, గాంట్ లాంటివి) రేకుని అచ్చులో పెట్టి గుద్దేవి. ముందు ఉబ్బెత్తుగా ఉన్నచోట వెనక గుంట ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. పోతపోసినదైతే వెనక చదునుగా, గరుకుగా, ఇసకరేణువులంత సొట్టలతో ఉంటుంది. విదేశీ కలెక్టర్లు పోత కనిపిస్తే నకిలీ అనేస్తారు. మన దేశంలో ఆ సూత్రం పనిచేయదు. పటాలానికి దగ్గర్లోని బజారు కంసాలి చేత పోయించుకున్న అసలు బ్యాడ్జీలు బోలెడున్నాయి.

రెండోది, దారం. జర్దోసీ పనిలో వాడే అసలు వెండి తీగ గాలి తగిలి నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ ఎన్నేళ్ళైనా పెళ్ళికూతురి చీరలా మెరుస్తుంది. దొంగనోట్లు చూసే నీలం లైటు వేస్తే, కొత్తరకం తెలుపు మందు వాడిన దారం భగ్గున వెలుగుతుంది. అలాంటి మందులు బట్టల్లోకి, సబ్బుపొడుల్లోకి విస్తారంగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. ఇక్కడా ఒక తిరకాసుంది. ఏ ఇల్లాలో 1985లో దాన్ని సర్ఫ్‌లో నానబెట్టి ఉతికితే అసలుది కూడా వెలుగుతుంది :-)

మూడోది, చిలుము. నిజంగా పాతదైతే మూలల్లో, కొక్కేల మొదట్లో పేరుకుంటుంది. చింతపండు, తేజాబు పెట్టి ముసలిదాన్ని చేస్తే ఒళ్ళంతా ఒకేలా పచ్చబడుతుంది.

నాలుగోది, నాకు బాగా నచ్చింది, తనలో తనకే పొసగని వివరం పట్టుకోవటం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. ఆయన నాణేల మీద చార్మినార్ ద్వారంలో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం ‘ఐన్’ ఉంటుంది. అంతకుముందు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌వైతే ‘మీమ్’. ఆ ఐన్ ఉన్న వస్తువుని పట్టుకుని 1857 గదర్ నాటిదంటే ఇక మాట్లాడేదేముంది.

*

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పాతబస్తీలో ‘నిజాం ఫౌజ్ బ్యాడ్జీ’ అని అమ్మేవాటిల్లో ఎక్కువ చిక్కు ‘హైదరాబాద్’ అనే మాటతోనే. ఆ పేరుతో కనీసం రెండు వేర్వేరు సైన్యాలుండేవి.

ఒకటి బ్రిటిష్ వాళ్ళది. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరుమీద రస్సెల్ బ్రిగేడ్‌గా మొదలై, తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ అయింది. జీతాలు నిజాం ఖజానావి, హుకుం మాత్రం ఇంగ్లీషు వాళ్ళది. ఆ జీతాల బాకీ కిందే 1853లో బేరార్ చేజారింది. 1903లో కాంటింజెంట్‌ని బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో కలిపేశారు. 1922 పునర్వ్యవస్థీకరణలో దాని కాల్బలం 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. పేరు హైదరాబాదే గానీ పోనుపోనూ అందులో మనవాళ్ళు తగ్గిపోయారు. కుమావూన్ కొండలవాళ్ళు, జాట్లు, అహీర్లు నిండిపోయారు. అందుకే 1945 అక్టోబర్‌లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మార్చేశారు. మొదటి పరమవీరచక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది ఈ 19వ హైదరాబాద్ ఎనిమిదో బెటాలియన్‌లోనే. జనరల్ తిమ్మయ్య కూడా ఈ రెజిమెంట్ మనిషే. ఇవాళ్టికీ కుమావూన్ వాళ్ళ టోపీ మీద సింహం కనిపిస్తుంది చూడండి, అది ఆ రస్సెల్ వంశపు చిహ్నం నుంచి వచ్చింది.

రెండోది నిజాం సొంత సైన్యం. ఇందులో మళ్ళీ రెండు భాగాలు. కవాతు, యూనిఫాం ఉన్న ‘అఫ్వాజ్-ఎ-బాఖాయిదా’, అంటే రెగ్యులర్ దళాలు. పాతకాలపు జమేదార్ల కింద అరబ్బులు, రొహిల్లాలు, సిక్కుల్లాంటి వాళ్ళుండే ‘నజ్మ్-ఎ-జమియత్’, అంటే ఇర్రెగ్యులర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్ళిన హైదరాబాద్ లాన్సర్లు ఈ రెగ్యులర్లే. 1918 సెప్టెంబర్‌లో హైఫా పట్టుకున్న బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు వీళ్ళూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గరున్న మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే.

ఈ రెండు ‘హైదరాబాద్’లు ఒకే చోట యుద్ధం చేసిన సందర్భం కూడా ఉంది. 1941 డిసెంబర్ 8న జపాన్ వాళ్ళు మలయాలోని కోటా బారు తీరంలో దిగారు. అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్నది నిజాం ‘ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ’. ఆ గందరగోళంలో దాని కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ చనిపోయాడు. ఆ తర్వాత నెలరోజులకి, 1942 జనవరి 7న, స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల దారిలో మొదట పడ్డది బ్రిటిష్ వాళ్ళ 19వ హైదరాబాద్ నాలుగో బెటాలియన్. పేర్లు ఒకేలా ఉన్నాయని ఈ రెండిటినీ కలిపేసి రాసేవాళ్ళని చాలామందిని చూశాను.

వీటికి తోడు మూడో గుంపు రజాకార్లు. వాళ్ళు అసలు సైన్యమే కాదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పెంచిన వాలంటీర్లు. కానీ మా ఊళ్ళలో పోయిన తరానికి ఖాకీ తొడిగి, తుపాకీ పట్టుకుని, ఉర్దూ మాట్లాడిన ప్రతివాడూ రజాకారే. మాది నల్లగొండ జిల్లా. మా తాత రెండు నెలలు పగలు జొన్నచేలో, రాత్రి బావిగట్టున గడిపాడు. మా ఇంట్లో ఆ మాటని తిట్టుగా తప్ప ఇంకోలా నేను వినలేదు.

*

ఇంత ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, కరోనాకి ముందు ఏడాది మా టీమ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. బహదూర్‌పురాలో పుట్టి పెరిగినవాడు. నా పిచ్చి ఆఫీసులో అందరికీ తెలుసు. ఒకరోజు లంచ్‌లో ‘అన్నా, మా దాదాజాన్ డబ్బా ఒకటుంది ఇంట్ల. నువ్వొచ్చి చూడాలె’ అన్నాడు.

2022లో బహదూర్‌పురా చౌరస్తాలో ఫ్లైఓవర్ వచ్చింది గానీ, అప్పుడింకా లేదు. ఆదివారం జూపార్కు రద్దీ అంతా దాటుకుని వాళ్ళింటికి చేరేసరికి పదకొండైంది. వాళ్ళ నాన్న, పెద్దనాన్న ఎదురుచూస్తున్నారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఒక వంపు తిరిగిన ఇత్తడి భుజపట్టీ, రెండు బొత్తాలు, నాలుగు మడతలు పెట్టిన ఒక ఉర్దూ కాగితం.

పెద్దనాన్న మొదలుపెట్టారు. ‘మా అబ్బా నిజాం సర్కార్ ఫౌజ్‌ల ఉండె బేటా. కానీ బస్తీల కొంతమంది రజాకార్ అంటరు. పిల్లలకి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు కూడా ఒకసారి ఈ మాట వచ్చింది. అబ్బా 1939ల నౌకరీ వదిలేసిండు. 48 గడబిడ టైముల అసలు ఫౌజ్‌లనే లేడు. కాగితం మీద సన్ రాసుంది, చూడు.’

ముందు ఇత్తడి పట్టీ చూశా. గుండె ఆగినంత పనైంది. వెనక అచ్చు గుద్దిన గుంట, మూలల్లో నల్లటి చిలుము, రెండు కొక్కేలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముందు ఇంగ్లీషులో 19, దాని కింద హైదరాబాద్. అసలు సరుకు. నా దగ్గర లేనిది. కానీ అది ఆయనది కాదు. 19 అంటే బ్రిటిష్ వాళ్ళ రెజిమెంట్. నిజాం సిపాయి భుజం మీద అది ఉండటానికి వీల్లేదు. బజార్లో కొన్నాడో, ఎవరైనా దోస్తు ఇచ్చాడో చెప్పలేం.

ఒక్క క్షణం నాకొచ్చిన ఆలోచన దాచకుండా చెప్తాను. ‘ఇది మీ తాతది కాదు, మామూలు ఇత్తడి ముక్క, నాకివ్వండి’ అంటే ఇచ్చేసేవాళ్ళు. అందులో అబద్ధం సగమే. ఆ సగం నోటిదాకా వచ్చి ఆగింది.

తర్వాత కాగితం. నాకు ఉర్దూ తడబడుతూ చదవటం వచ్చు, అంతే. ఆ కుర్రాడు చదువుతుంటే నేను వేలు పెట్టి వెంట వెళ్ళా. అఫ్వాజ్-ఎ-బాఖాయిదా అని స్పష్టంగా ఉంది. అంటే రెగ్యులర్ సైన్యం. రజాకార్ కాదు. పెద్దనాన్న మొహం వెలిగింది. నౌకరీ నుంచి తప్పించిన తారీఖు దగ్గర, ‘బహమన్, 1358’.

అక్కడ ఆగిపోయా. ఇల్లంతా ఆ 1358ని హిజ్రీ అనుకుంటోంది. హిజ్రీ 1358 అంటే నిజంగానే 1939. కానీ హిజ్రీలో మొహర్రం, సఫర్, రంజాన్ లాంటి నెలలుంటాయి, బహమన్ లేదు. ఆజుర్, దయ్, బహమన్ అనేవి నిజాం సర్కారు లెక్కలకి వాడిన ఫస్లీ సంవత్సరం నెలలు. హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్ మొదట్లో మొదలవుతుంది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1358కి 590 కలిపితే 1948. బహమన్ మూడో నెల. అంటే 1948 డిసెంబర్, లేదా కొత్త సంవత్సరం మొదటి రోజులు.

మనకి టైమ్‌జోన్ చూసుకోకుండా లాగ్ చదివితే ఎలాంటి పొరపాటు జరుగుతుందో అదే. తేడా గంటల్లో కాదు, తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలోనే ఉంది సంగతంతా.

పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసింది. మర్నాడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురికి లొంగిపోయాడు. తర్వాత నిజాం సైన్యంలో చాలా భాగం రద్దయింది, వేలమంది ఇళ్ళకొచ్చేశారు. ఈయనా అందులో ఒకడు. అంటే ఆయన 1939లో మానలేదు. బైరాన్‌పల్లి మీద దాడి జరిగిన 1948 ఆగస్టులో కూడా యూనిఫాంలోనే ఉన్నాడు. ఎక్కడున్నాడు, ఏం చేశాడు అన్నది ఆ కాగితంలో లేదు. కూటి కోసం గేటు దగ్గర కాపలా కాశాడో, ఇంకేం చేశాడో ఏ ఇత్తడి ముక్కా చెప్పదు.

చెప్పాలా వద్దా? మా తాత జొన్నచేను గుర్తొచ్చింది. అదే సమయంలో సుందర్‌లాల్ కమిటీ రిపోర్టూ గుర్తొచ్చింది. పోలీసు చర్య సమయంలో, తర్వాత జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. అది 2013 దాకా జనానికి అందలేదు. ఆ డిసెంబర్‌లో ఉద్యోగం పోయి బహదూర్‌పురాకి నడిచొచ్చిన మనిషికి వెనకా ముందూ భయమే ఉండి ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి తనే 1939 అని చెప్పాడా, లేక ఎవరో తర్వాత కాగితం తప్పు చదివారా, అదీ తెలీదు.

చెప్పేశా. రెండూ చెప్పా. ‘రజాకార్ కాదన్నది ఈ కాగితం రుజువు చేస్తుంది చాచా. కానీ 48లో లేడన్నది మాత్రం నిజం కాదు. ఫౌజ్‌లోనే ఉన్నాడు.’

పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ కుర్రాడి నాన్నే ‘మరి ఇన్ని రోజులు మేము తప్పు చెప్పినట్టేనా?’ అన్నాడు. ‘తప్పు చదివారు, అంతే’ అన్నాను. అంతకన్నా ఏమనాలో తోచలేదు. ఇత్తడి పట్టీ సంగతి కూడా చెప్పి, దాని విలువెంతో ఉజ్జాయింపుగా చెప్పా. అమ్మదలుచుకుంటే నాకే మొదట చెప్పమన్నాను కూడా, కలెక్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

అమ్మలేదు. కింద మెట్ల దగ్గర చెప్పులేసుకుంటుంటే ఆ కుర్రాడన్నాడు, ‘అన్నా, కాగితం ల్యామినేషన్ చేయిస్తా.’ వద్దన్నాను. ల్యామినేషన్ చేస్తే పాత కాగితం పాడవుతుంది, ఇక తీయటం కూడా కుదరదు. యాసిడ్ లేని కవర్లో పెట్టు, రెండు వైపులా స్కాన్ తీయి, బహమన్ 1358 ఫస్లీ అంటే 1948 డిసెంబర్ అని విడిగా ఇంకో కాగితం మీద రాసి అదే డబ్బాలో పెట్టు అన్నాను. రాశాడో లేదో తర్వాత నేను అడగలేదు. వాడు కంపెనీ మారి బెంగళూరు వెళ్ళిపోయాడు.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి డబ్బా ఉంటే, ఒక్క మాట. బ్యాడ్జీని బ్రాసోతో తోమకండి, కాగితాన్ని ముందు చదవండి. అంకె కనపడగానే హిజ్రీ అనో ఇంగ్లీషు సంవత్సరమనో అనేసుకోకండి, పక్కనున్న నెల పేరు చూడండి. డబ్బా దాచిన ముసలాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళని అడగండి. మా తాతని నేను అడగలేదు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎలాంటి బట్టలేసుకొచ్చారు, వాళ్ళ భుజాల మీద ఏమైనా ఉందా అని. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.